పాకకు రెండు దీపాలు

3 జూలై 2025, గురువారం. ఏలూరు.

నలభై రెండో పాక కూడా ఈ రోజుతో పూర్తయింది. కొల్లేటి వైపు చేపల చెరువుల గట్ల మీద, కరెంటు స్తంభం చేరని కాపలా పాకలకు నేను ఎంచిన దీపాలు ఇక వెలుగుతాయి. పాకకు నలభై వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి, బ్యాటరీ ఒకటి, దీపాలు రెండు. లోపలిది అయిదు వాట్లు, గుమ్మం మీదది మూడు వాట్లు. లోపలిది రోజుకు అయిదు గంటలు, గుమ్మానిది పదకొండు గంటలు. మొత్తం యాభై ఎనిమిది వాట్-గంటలు. ముసురు పట్టి రెండు రోజులు ఎండ మొహం కనబడకపోయినా బ్యాటరీ సరిపోతుంది. ఆ రెండు రోజుల నిల్వ కోసమే ప్రతి అర వాటు దగ్గరా ఆగి ఆలోచించాను.

చెరువుల యజమానుల సంఘం అధ్యక్షులు ఆంజనేయప్రసాద్ గారు ఫోన్ చేశారు. "మేడంగారూ, మా కాపలా వాళ్ళందరూ మిమ్మల్నే తలుచుకుంటున్నారండీ. మిగతా నూట ఎనభై పాకలూ ఇదే పద్ధతిలో మీ చేతులతోనే అయిపోవాలండీ. ఆగస్టు రెండున మీటింగు. ఆ రోజు సంతకాలు పెట్టేసుకుందామండీ."

తణుకు పాలిటెక్నిక్‌లో ఇరవై రెండేళ్ళు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పిన తరువాత, ఉద్యోగం వదిలి ఈ పనిలోకి దిగినప్పుడు నన్ను చూసి నవ్వినవారున్నారు. నూట ఎనభై అన్న అంకె వాళ్ళకు వినపడాలని అనిపించింది. అనిపించినందుకు సిగ్గు పడ్డాను.

సర్వేలో ఒక పాకవాళ్ళు మూడో దీపం అడిగారు, చెరువు మీదకు. గృహావసరం కాదని కొట్టేశాను. ఎవరు అడిగారో గుర్తు లేదు.

5 జూలై, శనివారం.

తాడేపల్లిగూడెం వెళ్ళివచ్చాను. ప్రసన్నలక్ష్మి గారి మేడ ఉల్లిపాయల మార్కెట్ వెనక వీధిలో ఉంది. కింద గోదాము, పైన కాపురం. ఉల్లిపొట్టు గాలికి లేచి మంచాల మీదా కంచాల మీదా పడుతుందని కిటికీలు ఏడాది పొడుగునా మూసి ఉంచుతారు. అలా మూసిన హాలులో ఆవిడ పదిహేడు కుండీలు పెంచుతున్నారు. మనీప్లాంటు, కలబంద, రెండు మూడు రకాల క్రోటన్లు, వీటన్నిటికన్నా ప్రాణంగా చూసుకునే తమలపాకు తీగ. ఒక్క సందులోంచి వచ్చే వెలుతురు వైపు అన్నీ ఒరిగిపోయి ఉన్నాయి.

ఉదయం పదింటికీ, మధ్యాహ్నం ఒంటిగంటకూ, సాయంత్రం నాలుగింటికీ ఒక్కొక్క ఆకు దగ్గరా కాంతి మీటరు పెట్టి కొలిచాను. కాంతి ఎక్కువ కావలసినవి ఒక వరుస, తక్కువతో సరిపెట్టుకునేవి ఒక వరుస. కరెంటు వృథా కాకుండా ఏ దీపం ఎంత ఎత్తున, ఎన్ని గంటలు ఉండాలో కాగితం మీద గీశాను. ఏ మొక్క ముందు వాడిందో అడిగాను. ఆవిడ మధ్యాహ్నం ఎక్కడ కూర్చుంటారో, దీపం కళ్ళలో పడితే తలనొప్పి వస్తుందేమో కూడా అడిగాను.

ప్రసన్నలక్ష్మి గారు నవ్వు ఆపుకోలేకపోయారు. "శ్యామలాదేవి గారూ, మా పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదండీ!"

"అడగవలసిందండీ," అని గోదాము మెట్ల మీద నుంచి వాళ్ళాయన గొంతు. "అడిగుంటే అప్పుడే బయటపడేవి అన్నీ."

"మీరు ఉల్లిపాయలు చూసుకోండి," అన్నారావిడ.

రెండు వారాల తరువాత వచ్చి మళ్ళీ కొలుస్తానని చెప్పాను.

9 జూలై, బుధవారం.

పెదపాడు అవతల పన్నెండో నంబరు పాకలో పాము కాటు. కాపలా ఉండే యోసేపు భార్య సువార్తమ్మకు. నిన్న సాయంత్రం చీకటి పడుతూనే. రక్తపింజరి అట. ఏలూరు ఆసుపత్రిలోనే ఉంది.

ఆ వేళకు దీపం వెలుగుతూ ఉండాలి.

పన్నెండో పాక కాగితాలు తీశాను. బ్యాటరీ పరీక్ష సరిగానే ఉంది. తీగ సరిగానే ఉంది. మళ్ళీ చూశాను. సరిగానే ఉంది.

10 జూలై, గురువారం.

ఆసుపత్రికి వెళ్ళాను. వార్డు బయట బల్ల మీద యోసేపు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎలా ఉంది?"

"ప్రాణానికేం పర్లేదన్నారండి. కుడిచెయ్యి మటుకు బాగా వాసిపోయిందండి. రెండు వేళ్ళు నల్లబడ్డాయి."

"ఎలా జరిగింది, యోసేపూ?"

"బియ్యం తీద్దామని మేత బస్తాల ఎనకాల చెయ్యెట్టిందండి. డబ్బా ఆ మూలే ఉంటాది. అక్కడే చుట్ట చుట్టుకుని ఉంది."

"దీపం వెలగలేదా?"

తల దించుకున్నాడు. "లోపలి దీపం లోపల లేదండి. నేనే బయటకెట్టానండి. వెదురుగడ కట్టి, చెరువు మీదకి."

ఇంకేమీ అడగలేదు. అడగవలసిన అవసరం కనిపించలేదు.

వార్డు తలుపులోంచి ఆమెను చూశాను. కళ్ళు మూసుకుని ఉంది. లోపలికి వెళ్ళి నిద్ర చెడగొట్టడం ఎందుకని వచ్చేశాను. ఇంటికి వచ్చి అన్నం పెట్టుకుని తిన్నాను. నిన్నటి నుంచి ఏమీ తినలేదని తింటున్నప్పుడు తెలిసింది. రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

11 జూలై.

నా లెక్కలో తప్పు లేదు.

14 జూలై, సోమవారం.

ఆంజనేయప్రసాద్ గారు స్వయంగా ఇంటికి వచ్చారు. కాఫీ తాగుతూ నెమ్మదిగా చెప్పారు. "మేడంగారూ, మీటింగులో ఎవరో ఒకరు లేస్తారండీ. దీపాలెట్టాక కూడా పాము కరిచింది, ఇంకెందుకీ దీపాలు అంటారు. మీరొక కాయితం రాసిచ్చారనుకోండి, ఆ నోరు మూయించచ్చండీ. జరిగిందే రాయండి. కల్పించి రాయమని నేను అనను."

ఆయన అన్నది న్యాయంగానే ఉంది. జరిగిందే రాశాను. ఆరుసార్లు దిద్దాను. చివరకు తేలిన వాక్యం ఇది: "లోపలి దీపాన్ని నిర్దేశించిన స్థానం నుంచి తొలగించి గృహేతర అవసరానికి వాడినందున, ప్రమాద సమయంలో పాక లోపల వెలుతురు లేదు."

ఇందులో ప్రతి మాటా నిజం. ఏ మాట తీసి చూసినా నిజమే. పంపించాను.

15 జూలై.

ప్రతి మాటా నిజం.

19 జూలై, శనివారం.

గూడెం వెళ్ళాను. దీపాలు బిగించి పది రోజులైంది. తమలపాకు తీగకు రెండు కొత్త ఆకులు వచ్చాయి. అరచేయంత లేవు కానీ లేత రంగు మంచిది. మనీప్లాంటు ఒకటి మాత్రం అంచుల్లో మాడింది. దీపం నాలుగంగుళాలు పైకి జరిపి మళ్ళీ కొలిచాను. ఇప్పుడు బాగుంది.

ప్రసన్నలక్ష్మి గారు మజ్జిగ తెచ్చి ఎదురుగా కూర్చున్నారు. "అడగకూడదేమో గానీ అడుగుతానండీ. మీరు ఏ ఇంటికైనా ఇలాగే పూటపూటకీ వచ్చి కొలుస్తారాండీ? మా మొక్కలంటే ఏదో మీకూ సరదా అనుకోండి."

అవునన్నాను.

20 జూలై.

అవునన్నాను.

22 జూలై, మంగళవారం.

యోసేపు వచ్చాడు. చెప్పులు మెట్ల కింద వదిలి, గుమ్మం బయటే నిలబడ్డాడు. మా ఆయన చెయ్యి పట్టి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. కాఫీ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని చల్లారేదాకా తాగలేదు.

సువార్తమ్మను మొన్న ఇంటికి పంపించారట. చూపుడువేలు, నడిమివేలు వంగవు. ఇక వంగవని డాక్టరు చెప్పాడట.

"అయ్యగారు పాక ఖాళీ చేసెయ్యమన్నారండి," అన్నాడు. అయ్యగారంటే ఆంజనేయప్రసాద్ గారు. పన్నెండో చెరువు ఆయనదే. "రెండో తారీకు మీటింగయ్యేదాకా ఉండమన్నారు. ఆ పైన ఇంకోళ్ళని పెట్టుకుంటారంట. దీపం పీకి సంసారం మీదకి తెచ్చుకున్నోడు రేపు చెరువు మీదకీ తీసుకురాడా అంటున్నారండి. మేడంగారే కాయితంలో రాశారు కదా అన్నారు."

నేను రాసినది నాకు నోటికి వచ్చు. అయినా ఏమి రాశానో గుర్తు తెచ్చుకుంటున్నట్లు ఊరుకున్నాను.

"మిమ్మల్ని అంటానికి రాలేదండి. ఆయ్. దీపం తీసింది నిజమే. తీసింది నేనే. కాకపోతే ఎందుకు తీశానో ఆ కాయితంలో లేదంటండి. అదొక్క ముక్క రాస్తారేమోనని వచ్చాను."

"ఎందుకు తీశావు?"

అప్పుడు చెప్పాడు. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున నీళ్ళలో గాలి తగ్గిపోయి చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలతాయి. తేలగానే చూసి, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటరు ఇంజను వేస్తే బతుకుతాయి. గంట ఆలస్యమైతే చెరువంతా పోతుంది. పోయిన ఏడు పక్క చెరువులో అలాగే పోయింది. అక్కడి కాపలా వాణ్ణి మర్నాడే పంపించేశారు.

"టార్చిలైటు ఉంది కదా?"

"టార్చి వేస్తే చేప బెదిరి కిందకి పోద్దండి. తేలిందో లేదో తెలీదు. సాయంత్రం నించీ ఒకే చోట దీపం ఎలుగుతా ఉంటే దానికి అలవాటు పడిపోద్ది. అప్పుడు తేలితే తేలినట్టు కనపడతాది. గుమ్మం మీది దీపం నీళ్ళదాకా రాదండి. అందుకని చీకటి పడగానే లోపలిది తీసి కట్టేవాణ్ణి. గుమ్మానిది ఆపేస్తే అది తెల్లారేదాకా సరిపోయేది. సువార్తే విప్పి ఇచ్చేది రోజూ. నాకు పొయ్యి ఎలుగు చాల్లే, నువ్వు నీళ్ళు చూసుకో అనేది."

కాఫీ తాగాడు. గ్లాసు తనే కడగబోతే మా ఆయన లాక్కున్నారు.

వెళ్ళేటప్పుడు మెట్ల మీద నుంచి, "మీరు సర్వేకొచ్చినప్పుడే అడిగానండి మూడో దీపం. మీకు గుర్తుండదు లెండి, అన్ని పాకలు తిరిగారు," అన్నాడు.

గుర్తు లేదన్నాను.

గుర్తుంది. మార్చి నెల, మధ్యాహ్నం మూడు గంటలు. గట్టు మీద ఎండ మండిపోతోంది. నేను కారు తలుపు తీసి పట్టుకుని ఉన్నాను. అతను తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, "చెరువు మీదకి ఇంకొకటి ఉంటే బాగుండునండి" అన్నాడు. ఎందుకని అడగలేదు. కాగితం మీద అతని ముందే రాసి, అతని ముందే కొట్టేశాను. రెండు రోజుల నిల్వ ఒకటిన్నర రోజుకు పడిపోతుందని అతనికి వివరంగా, ఓపికగా చెప్పాను కూడా. అర్థమైనట్లు తల ఊపాడు.

24 జూలై, గురువారం.

మీటరు తీసుకుని పన్నెండో పాకకు వెళ్ళాను. చీకటి పడేదాకా ఉంటానంటే కారు డ్రైవరు నన్ను వింతగా చూశాడు. నలభై రెండు పాకలకూ కలిపి ఎన్నిసార్లు గట్ల మీదకు వచ్చానో లెక్క పెట్టుకున్నాను. పందొమ్మిది సార్లు. పందొమ్మిది సార్లూ నాలుగింటికల్లా తిరుగు ప్రయాణం. గట్టు దారి మంచిది కాదని, పొద్దుండగా రోడ్డెక్కాలని. నేను ఎంచిన దీపాన్ని ఒక్క పాకలోనూ చీకట్లో చూడలేదు.

సువార్తమ్మ గుమ్మం బయట రాళ్ళపొయ్యి పెట్టుకుని వండుతోంది. ఎడమచేత్తో. కుడిచెయ్యి గుడ్డతో చుట్టి గుండెకు ఆనించుకుని ఉంది. "రండమ్మగారూ," అంది.

లోపలి దీపాన్ని యోసేపు మళ్ళీ దాని చోట, నడిమి దూలానికి, నా పటంలో గీసినట్లే కట్టేశాడు. కాయితంలో ఉన్నట్టు ఉండాలని. చీకటి పడింది. దీపం వేశాడు. వెలుతురు నిజంగా బాగుంది. తెల్లగా, పాకంతా నిండుగా ఉంది. మేత బస్తాల వెనక మూలలో మీటరు పెట్టాను. ముప్పై నాలుగు లక్స్ కాంతి. ఆ పనికి అది చాలు. తల తిప్పి సువార్తమ్మతో, "చూశావా, దీపం ఇక్కడే ఉండి ఉంటే కనపడేది" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అనడానికే అంత దూరం వెళ్ళానేమో.

ఆమె గుమ్మంలో నిలబడి చూస్తోంది. "మీరు పక్కనుంచి పెట్టారండి దాన్ని," అంది.

"అంటే?"

"నేనలా తియ్యనండి. అటుపక్క బస్తాలు అడ్డండి, మూత రాదు. ఎదటకొచ్చి ఇలాగ వంగాలి." ఉన్నచోటే వంగి చూపించింది.

ఆమె చెప్పినట్లు బస్తాల ముందుకు వచ్చి, దూలానికి వీపు పెట్టి వంగాను. మూల మాయమైంది. నా తల, నా భుజాలు, నా చెయ్యి, అన్నిటి నీడా కలిసి డబ్బా మీద పడింది. నీడలోనే మీటరు పెట్టాను. మూడు లక్స్. మళ్ళీ పెట్టాను. మూడు.

దీపం దాని చోట ఉన్నా అంతే. యోసేపు దాన్ని తీయకపోయినా అంతే.

"ఎలుగున్నప్పుడూ తడుముకునే తీసేదాన్నండి," అంది సువార్తమ్మ.

"మరి నాకు ఎప్పుడూ చెప్పలేదేం?"

"ఎవరడిగారండి?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే ఎవరైనా అడిగారా అని గుర్తు తెచ్చుకుంటున్నట్లు అంది.

నా సర్వే కాగితంలో ఇరవై రెండు ప్రశ్నలున్నాయి. పాక పొడవు, వెడల్పు, పైకప్పు రకం, ప్యానెల్‌కు నీడ పడుతుందా. ప్యానెల్‌కు నీడ పడుతుందా అని నలభై రెండు చోట్ల అడిగాను.

25 జూలై, శుక్రవారం.

లెక్క మళ్ళీ వేశాను. గుమ్మం మీది మూడు వాట్ల దీపాన్ని రెండు చేస్తే ఒకటిన్నర గుమ్మానికి, ఒకటిన్నర చెరువు మీదకు. పసుపు ఛాయ దీపమైతే గుమ్మం దగ్గర పురుగులు కూడా తక్కువ చేరతాయి. లోపలి అయిదు వాట్లను రెండు చేస్తే మూడున్నర పైన దూలానికి, ఒకటిన్నర కింద మూలకు, మోకాలి ఎత్తున. గంటలు అవే.

మొత్తం యాభై ఎనిమిది.

మార్చి నెలలోనూ యాభై ఎనిమిదే అయ్యేది.

27 జూలై, ఆదివారం.

నివేదిక వెనక్కి తీసుకుంటూ ఉత్తరం మొదలుపెట్టాను. "సాంకేతిక పునఃపరిశీలనలో కొన్ని అదనపు అంశాలు గమనించినందున" అని రాసి చించేశాను. "పై నివేదికకు స్వల్ప సవరణగా" అని రాసి చించేశాను.

పక్కగదిలో నుంచి మా ఆయన, "అది ఎన్నోది?" అన్నారు.

"నాలుగోది."

"నేను ఆరు లెక్కపెట్టాను," అన్నారు. "తమరు రెండు దాస్తున్నారు."

29 జూలై, మంగళవారం.

మరొక దారి ఉంది. ముందు నూట ఎనభై పాకలకు సంతకం పెట్టించుకోవాలి. ఆ తరువాత నమూనా మార్చవచ్చు. తప్పు జరిగిందని ఎవరికీ చెప్పనక్కరలేదు, మెరుగుపరిచామని చెప్పవచ్చు. నూట ఎనభై కుటుంబాలకు నాలుగేసి దీపాలు, సరైన చోట. ఇప్పుడే చెబితే పని ఇంకెవరికో పోతుంది. వాళ్ళు నా పాత నమూనానే తీసుకుని అదే తప్పు నూట ఎనభై చోట్ల చేస్తారు. అందరి మేలూ ఆలోచిస్తే ఇదే సరైన పద్ధతి. ఎటునుంచి చూసినా ఇదే.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. వార్తాపత్రిక మడిచి పక్కన పెట్టి అంతా విన్నారు. "బాగుంది. మరి నువ్వు మెరుగుపరిచేటప్పటికి యోసేపు ఎక్కడుంటాడు?" అన్నారు.

కోపం వచ్చింది. ఈ రోజు కూర మాడిందని కూడా ఆయన అనలేదు.

30 జూలై.

నిద్ర లేదు.

31 జూలై.

గూడెం నుంచి ప్రసన్నలక్ష్మి గారు ఫోటో పంపారు. తమలపాకు తీగ, ఏడు కొత్త ఆకులు. "మీ చలవేనండీ" అని రాశారు. జవాబు ఇవ్వలేదు.

2 ఆగస్టు, శనివారం.

ఏలూరులో సంఘం హాలు. ముప్పై మంది దాకా ఉన్నారు. ఆంజనేయప్రసాద్ గారు నన్ను తన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. నా నివేదిక కాపీలు అందరి ముందూ ఉన్నాయి. యోసేపు చివర, తలుపు పక్కన నిలబడి ఉన్నాడు. నా వైపు చూడటం లేదు.

అనుకున్నట్లే ఒకాయన లేచాడు. "దీపాలున్న పాకలో పాము కరిచిందంటే ఎలాగండీ మరి?"

"దానికి మేడంగారే రాసిచ్చారండీ," అన్నారు ఆంజనేయప్రసాద్ గారు. "దీపం పీకింది కాపలా మనిషి. ఆ మనిషిని మారుస్తున్నాం. అయిపోయింది. మేడంగారూ, ఒక్క మాట చెప్పండి."

చేతిలో ఉత్తరం ఉంది. చదవలేదు. చదివితే మళ్ళీ మంచి మాటల్లోకి జారిపోతానని భయం వేసింది.

"దీపం పీకినందువల్ల కాదండీ," అన్నాను. "దీపం నేను చెప్పిన చోట ఉన్నా ఆ మూల చీకటే. వెళ్ళి కొలిచాను. మనిషి వంగితే మూడు లక్స్. రెండడుగుల అవతల కొవ్వొత్తి ఇచ్చే వెలుగు, అంతే. దీపం ఎక్కడుండాలో ఆ ఇంట్లో వండుకునే మనిషిని నేను అడగలేదు. చెరువు మీదకు దీపం కావాలని యోసేపు మార్చిలోనే అడిగాడు. నేను కొట్టేశాను. మీ చేపలు చూడటానికే అడిగాడు. ఈ నివేదిక వెనక్కి తీసుకుంటున్నాను."

ఆంజనేయప్రసాద్ గారు నా కాపీని సగానికి మడిచారు. తరువాత నావైపు వంగి, ఎప్పటిలాగే మెత్తగా, "మేడంగారూ, ఇది నాతో నిన్న చెప్పుంటే బాగుండేదండీ. ముప్పై మందిలో నన్ను కూర్చోబెట్టి చెప్పారు," అన్నారు.

"నిన్న చెబితే నన్ను చెప్పనిచ్చేవారు కాదండీ."

"ఇయ్యను," అని ఒప్పుకున్నారు. "సరేనండీ. మీరే కాదన్నాక వాణ్ణి తీసెయ్యడానికి నా దగ్గరేముంది? యోసేపు ఉంటాడు. నూట ఎనభై సంగతి మాత్రం మళ్ళీ ఆలోచించుకుందామండీ."

ఆ ఆలోచించుకుందాం ఏమిటో నాకు తెలుసు. ఇప్పటికే బిగించిన నలభై రెండు పాకల్లోనూ నా ఖర్చుతో దీపాలు మార్చుకోవడానికి అనుమతి అడిగాను. "మీ ఇష్టమండీ," అన్నారు. అప్పటికే వేరేవాళ్ళ వైపు తిరిగారు.

బయటకు వచ్చేసరికి యోసేపు నా కారు పక్కన నిలబడి ఉన్నాడు. కారు తలుపు తీసి పట్టుకున్నాడు. ఎక్కాను. కారు కదిలాక వెనక అద్దంలోంచి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు.

3 ఆగస్టు.

మధ్యాహ్నం దాకా పడుకున్నాను. లేచి నలభై రెండు పాకలకు కొత్త ప్రశ్నల కాగితం రాశాను. మొదటి ప్రశ్న: మీ ఇంట్లో చెయ్యి తడుముకునే చోటు ఏది? రెండో ప్రశ్న ఏమి రాయాలో ఇంకా తోచలేదు.

9 ఆగస్టు, శనివారం.

మొదట పన్నెండో పాకకే వెళ్ళాను. మూడింటికి బయలుదేరి, తిరిగి ఎప్పుడొస్తానో ఇంట్లో చెప్పకుండా వెళ్ళాను. చెరువు మీది దీపం వెదురుగడ చివర యోసేపే కట్టాడు. ఎంత ఎత్తు, ఎంత వాలు అని నేను అడిగాను. చేప బెదరని ఎత్తు అతనికి తెలుసు. మూల దీపం ఎక్కడుండాలో సువార్తమ్మ గుమ్మంలో నిలబడే చెప్పింది. "ఇంకొంచెం కిందకండి. ఆ బస్తా అడుగు కూడా కనపడాలి. ఆఁ, అక్కడ."

చీకటి పడింది. నాలుగు దీపాలూ వేశాం. బస్తాల ముందుకు వచ్చి, ఆమె చూపించినట్లే వంగి, మూలలో మీటరు పెట్టాను. అరవై రెండు. నా నీడ నా వెనక్కి పోయింది. "అరవై రెండు, సువార్తమ్మా," అన్నాను. గొంతులో సంతోషం నాకే వినపడింది.

ఆమె గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చింది మొదలు ఆ మూలకు ఒక్కసారి కూడా వెళ్ళలేదట. బియ్యం యోసేపే తీసి ఇస్తున్నాడట.

"అంకె బాగానే ఉందమ్మగారూ," అంది. "ముందు మీరు పెట్టండి చెయ్యి."

"ఏంటే ఆ మాటలు, మేడంగారితోటి!" అన్నాడు యోసేపు.

"ఉండనీ యోసేపూ," అన్నాను.

మూలంతా కనపడుతూనే ఉంది. డబ్బా, దాని మీద మూత, నేల మీద రాలిన తవుడు, బస్తా కుట్టు. ఏమీ లేదని కళ్ళు చెబుతూనే ఉన్నాయి. చెయ్యి మాత్రం కదలలేదు. అరవై రెండు చాలునని ఎన్ని పాఠాల్లో చెప్పానో. గుమ్మంలో నుంచి ఆమె చూస్తోంది. తొందరపెట్టలేదు. అరచేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకున్నాను.

చెయ్యి పెట్టాను. బస్తా చల్లగా తగిలింది. మూత తీసి సోలతో బియ్యం ముంచి, చేటలో పోశాను.

"ఇంకోసారండి," అంది.

మళ్ళీ పెట్టాను. మళ్ళీ పోశాను.

మూడోసారి పెట్టబోతుంటే ఆమె వచ్చి నా పక్కనే వంగింది. సోల నా చేతిలో నుంచి తీసుకుని, కాసేపు ఆ మూలకేసి చూసి, ఎడమచెయ్యి లోపలికి పెట్టింది.